కొట్టే ముందు నీళ్ల గిన్నె చూడండి

మనుషుల జబ్బుల గురించి రాసే ఈ పేజీలో కుక్క ప్రస్తావన ఏమిటని ముక్కు విరవకండి. నేను మనుషుల వైద్యుణ్ణే, పశువైద్యం చదవలేదు. కానీ బీపీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు, చేతికి కట్టిన పట్టీ ఇంకా విప్పకముందే, "సార్, ఒక్క మాట... మా కుక్క సంగతి" అని మొదలుపెట్టడం ఈ మధ్య ఎక్కువైంది. అడిగేది చాలామటుకు ఒకే సంగతి. నాలుగైదేళ్లుగా ఇంట్లో ఒక్క చుక్క రాల్చకుండా బుద్ధిగా ఉన్న కుక్క, ఉన్నట్టుండి హాల్లో, మంచం కింద, చివరికి పూజగది గడప దగ్గర కూడా ఒంటికి పోతోంది. కొట్టినా మానడం లేదు. ఏం చేయాలి?

కొట్టినా మానడం లేదంటే, కొట్టడం దానికి మందు కాదనే కదా అర్థం! మీ ఇంట్లో ఏడేళ్ల పిల్లవాడున్నాడనుకోండి. మూడేళ్లుగా పక్క తడపనివాడు మళ్లీ తడపడం మొదలుపెట్టాడు. నా దగ్గరికి తీసుకొస్తే నేను బెత్తం తీయను. ముందు మూత్రం పరీక్షకు పంపుతాను. చక్కెర పోతోందా, చీము కణాలున్నాయా చూస్తాను. అవేవీ లేవని తేలాక, బడి మారాడా, ఇంట్లో చెల్లెలు పుట్టిందా, రాత్రి దేనికైనా జడుసుకున్నాడా అని తల్లిని అడుగుతాను. కుక్క విషయంలోనూ వరస ఇదే. ముందు ఒళ్లు, తర్వాత మనసు, ఆ తర్వాత అలవాటు. మన ఇళ్లలో ఈ వరస తలకిందులవుతోంది.

మధుమేహం చరిత్రలో ఇలాంటి కుక్క ఒకటుంది. మా విద్యార్థి దశలో ప్రొఫెసర్లు ఈ కథ చెప్పే క్లాసు చేశారు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో (అప్పుడది జర్మనీలో ఉండేది, ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది) ఆస్కర్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు వైద్యులు జీర్ణక్రియ గురించి ఏదో తేల్చుకోవాలని ఒక కుక్కకు క్లోమ గ్రంథిని తీసేశారు. అది ఇంటి మర్యాద నేర్చిన కుక్క. ఆపరేషన్ నుంచి బాగానే కోలుకుంది. కానీ ప్రయోగశాల గదిలో నేలంతా తడపడం మొదలుపెట్టింది. కుక్కను వేళకు బయటికి తీసుకెళ్లడం లేదని మింకోవ్‌స్కీ అక్కడి పనివాణ్ణి కోప్పడ్డాడు. తీసుకెళ్తూనే ఉన్నాను, లోపలికి రాగానే మళ్లీ పోస్తోందని అతను మొత్తుకున్నాడు. అప్పుడు మింకోవ్‌స్కీ ఆ మూత్రాన్ని నేల మీంచి తీసి పరీక్షిస్తే అందులో చక్కెర ఉంది! మధుమేహానికీ క్లోమానికీ సంబంధం ఉందని లోకానికి తెలిసింది అలాగే. ఆ దారినే పోయి 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనుగొన్నారు. 1922 జనవరిలో 14 ఏళ్ల కుర్రవాడికి మొదటి సూది పడింది. ఆ రోజు పనివాణ్ణి తిట్టి, కుక్కను రెండు దెబ్బలు వేసి, నేల తుడిపించి ఊరుకుని ఉంటే ఆ సంగతి తెలియడానికి ఇంకెన్నాళ్లు పట్టేదో.

ఇప్పుడు మన నల్లగొండకు వద్దాం. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. వాళ్ల రాణి తెల్లటి జూలు కుక్క. మన ఊళ్లలో అందరూ పొమేరియన్ అంటారే, ఆ రకం. ఎనిమిదేళ్లది. పిల్లల పెళ్లిళ్లయి ఇల్లు బోసిపోయాక ఆ దంపతులకు అదే సందడి. ఒక కార్తీక మాసంలో కూతురు కాన్పై, నెలల మనుమడితో పుట్టింటికి వచ్చింది. వారం తిరక్కుండా రాణి హాల్లో తడపడం మొదలుపెట్టింది. అదీ ఊయల పక్క మూలలోనే.

"మనుమడొచ్చిన సంది దీనికి కుళ్లు పట్టింది సార్. కావాలని చేస్తుంది," అన్నారు టీచరమ్మ. ఆమె భర్త అప్పటికే నిర్ణయానికి వచ్చేశారు. తెల్లారి స్కూటర్ మీద పెట్టుకుని, పానగల్లు దాటించి వదిలేసి వస్తారట. పసిపిల్లవాడున్న ఇల్లు. ఆయన భయం నాకు అర్థమైంది. అయితే పెంచుకున్న జంతువును ఆకలికీ దాహానికీ వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమని కూడా ఆయనకు చెప్పాను. ఇంట్లో తిండి తిని పెరిగిన ఎనిమిదేళ్ల కుక్క వీధికుక్కల మధ్య ఎన్నాళ్లు బతుకుతుంది?

నేను అడిగింది రెండే ప్రశ్నలు. "అమ్మా, నీళ్లు ఎన్ని తాగుతోంది?"

"తాగుతుంది సార్, గిన్నె నింపినకొద్దీ తాగుతుంది. ఎండలు కదా."

కార్తీక మాసంలో ఎండలేమిటి! పొద్దున వాకింగుకు మేమందరం మఫ్లర్లు చుట్టుకుని పోతున్నాం. రెండో ప్రశ్న, ఎద ఎప్పుడు వచ్చిందని. దసరాకు ముందు వచ్చి పోయిందన్నారు. నాలుగు రోజులుగా తిండి తగ్గింది, మాటిమాటికీ తోక కింద నాక్కుంటోంది, పొట్ట కాస్త ఉబ్బినట్టుంది. ఇంతవరకు వచ్చాక పై మాట చెప్పవలసింది పశువైద్యుడు. ఆ పూటే పంపించాను. ఆయన చేయిపెట్టి చూసి, స్కానింగుకు హైదరాబాదు పంపారు. గర్భసంచి నిండా చీము. పిల్లల ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో, ముఖ్యంగా వయసు మళ్లినవాటిలో, ఎద పోయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వచ్చే జబ్బు ఇది. ఆ విషం మూత్రపిండాల పని చెడగొడుతుంది. మూత్రం చిక్కబడదు, నీళ్లలా పోతూ ఉంటుంది. పోయినకొద్దీ దాహం. రాణి చేసింది కుళ్లుతో కాదు, ఆపుకోలేక. గర్భసంచి తీసేశారు, బతికింది. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్లమన్నారు డాక్టరు. పిల్లలు వద్దనుకునేవాళ్లు పశువైద్యుణ్ణి అడిగి తగిన వయసులోనే ఆపరేషన్ చేయిస్తే ఈ గండమే ఉండదు.

అందుకే మీకు నేను చెప్పే మొదటి పని నీళ్ల గిన్నె చూడటం. పొద్దున కొలిచి పోయండి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలవండి. మధ్యలో నింపితే అదీ లెక్క రాయండి. కుక్క బరువు కిలో ఒక్కింటికి రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే అది మామూలు దాహం కాదు. పది కిలోల కుక్క లీటరుకు మించి తాగుతోందంటే పశువైద్యుడికి చూపించాల్సిందే. మన నల్లగొండ, పాలమూరు ఎండల్లో, బండలు కాలి కొలిమిలా ఉండే రోజుల్లో, కాస్త ఎక్కువ తాగడం సహజం. చల్లటి రోజుల్లోనూ తాగుతుంటే మాత్రం చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు, రాణికి వచ్చినటువంటిది, ఇలా ఏదైనా కావచ్చు. నీళ్లు తక్కువ తాగుతూ, మాటిమాటికీ కూర్చుని చుక్కచుక్కగా పోస్తుంటే, ఎర్రగా పోస్తుంటే మూత్రాశయంలో చీమో రాయో ఉండవచ్చు. మగకుక్క కాలెత్తి నిలబడి ముక్కుతూ చుక్క రాక అవస్థ పడుతుంటే రేపటిదాకా ఆగకండి. మూత్రం పూర్తిగా బిగిస్తే ప్రాణాపాయం.

పశువైద్యశాలకు పోయేటప్పుడు పొద్దుటి మూత్రం పట్టుకెళ్తే పని సులువవుతుంది. పొడుగు కాడ ఉన్న స్టీలు గరిటె వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి (ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి రాకూడదు), కుక్క కూర్చోగానే వెనక నుంచి మెల్లగా చాచండి. శుభ్రమైన సీసాలో పోసి గంట రెండు గంటల్లో అందించండి. ఇరుగుపొరుగు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇంకొక సంగతి తప్పకుండా చెప్పండి. ఈ మధ్య గజ్జికో దురదకో సూది వేయించారా, మాత్రలు వాడారా? స్టెరాయిడ్ మందులు పడితే కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పోస్తుంది. అది మందు గుణం. అలాగని మీ అంతట మీరు సగంలో ఆపకండి, వేసినవాళ్లనే అడగండి. మన ఇంటి మందుల డబ్బాలోంచి పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ తీసి కుక్కకు వేయడం మాత్రం ఎన్నడూ వద్దు. మనకు మందైనది దానికి విషం కాగలదు.

మరీ ముఖ్యం, ఇంట్లో పోస్తోందని నీళ్లు బంద్ చేయకండి. కల్వకుర్తిలో పనిచేసే రోజుల్లో ఒకాయన గర్వంగా చెప్పారు, సాయంత్రం ఆరు తర్వాత చుక్క నీళ్లు పెట్టడం లేదని. జబ్బు వల్ల నీళ్లు పోతున్న కుక్కకు నీళ్లు ఆపడమంటే వాంతులూ విరేచనాలూ అవుతున్న పిల్లవాడికి గ్లాసు దాచిపెట్టడమే.

పరీక్షలన్నీ బాగున్నాయన్నారనుకోండి. అప్పుడు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పోస్తోందో గమనించండి. పడుకున్నచోటే తెలియకుండా తడుపుకుంటోందంటే అది మర్యాద తప్పడం కాదు, కండరం పట్టు తప్పడం. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో ఇది కనిపిస్తుంది, మందులున్నాయి. మీ గొంతు పెరగ్గానే ఒదిగి, చెవులు వాల్చి చుక్కలు రాలుస్తోందంటే అది భయం. అక్కడ తిట్టినకొద్దీ ఎక్కువవుతుంది. మగకుక్క గోడకో, సోఫా కోడుకో, కొత్తగా వచ్చిన చుట్టాల సూట్‌కేసుకో కాలెత్తి కొంచెమే పోస్తే అది సరిహద్దు రాళ్లు పాతుకుంటోందన్నమాట. ముసలి కుక్క అయితే మోకాళ్ల నొప్పి చూడండి. మెట్లు దిగలేకో, నున్నటి గ్రానైట్ నేల మీద కాలు జారుతుందన్న భయంతోనో గుమ్మం దాకా రాలేకపోతుంది. దారిలో పాత గోనెపట్టాలు పరిచి చూడండి. పెళ్లి ఊరేగింపు డీజేలు, దీపావళి టపాకాయలు, ఇల్లు మారడం, బదిలీ, రోజూ తిప్పే అబ్బాయి హాస్టలుకు పోవడం, ఇవన్నీ కుక్కకు లెక్కే.

అసలు ఇంట్లో కుక్కను పెట్టుకోవడం మన ప్రాంతానికి కొత్త. గొల్లకురుమల కుక్క మందతో ఉండేది. ఊళ్లో ఇంటి కుక్క వాకిట్లో పడుకునేది, దొడ్డి దాని ఇష్టం. మూడో అంతస్తు ఫ్లాటులో తలుపు వేసి, ఆఫీసు నుంచి వచ్చేదాకా పది గంటలు బిగబట్టమంటున్నది మనం. ఎదిగిన కుక్కకైనా ఆరు గంటలు దాటితే కష్టమే, ఎనిమిదికి మించి ఆశించడం అన్యాయం.

రాణి కథ ఆపరేషన్‌తో అయిపోలేదు. కుట్లు మానాయి, దాహం తగ్గింది, కానీ ఊయల పక్క మూలకు పోవడం మానలేదు. "చూశారా సార్, కుళ్లేనని చెప్పలేదా?" అన్నారు ఆయన. జబ్బు పోయినా దాని వెనక అలవాటు మిగిలింది, వాసన మిగిలింది. ఇక్కడి నుంచి నేర్పడం మళ్లీ మొదలు.

ముందు వాసన సంగతి. మనకు ఫినాయిల్ వాసన వస్తే శుభ్రమైనట్టు. కుక్క ముక్కుకు ఫినాయిల్ కింద మూత్రం వాసన అలాగే ఉంటుంది. మన ఇళ్లలో తాండూరు, షాబాదు బండలు ఎక్కువ. వాటి సందుల్లోకి దిగిన తడి పైపైన తుడిస్తే పోదు. పాత బట్టతో, పేపర్లతో బాగా అద్ది పీల్చండి. ఎంజైములున్న బట్టల సబ్బుపొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి, సందుల్లోకి దిగేటట్టు పోసి, పావుగంట ఆగి, బ్రష్షుతో తోమి కడగండి. వెనిగర్ వాడమని కొందరు చెబుతారు. గ్లేజు టైల్స్ మీద ఫరవాలేదు గానీ, తాండూరు, షాబాదు బండలు సున్నపురాయి జాతివి. వెనిగరైనా, నిమ్మరసమైనా, యాసిడ్ అయినా వాటి నునుపు తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ నేరుగా మూత్రం మీద చల్లవద్దు. రెండూ కలిస్తే కళ్లు, గొంతు మండించే వాయువు పుడుతుంది. పసిపిల్లలున్న గదిలో అసలే వద్దు.

తర్వాత మూడు వారాలు మీ ఓపికకు పరీక్ష. ఎనిమిదేళ్ల కుక్కను ఎనిమిది వారాల పిల్ల అనుకోండి. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట అయ్యాక, పడుకునే ముందు, మధ్యలో పగలు రెండేసి గంటలకు ఒకసారి గొలుసు పట్టుకుని బయటికి తీసుకెళ్లండి. ఎప్పుడూ ఒకే చోటికి. తలుపు తీసి "పో" అని తోలేస్తే లాభం లేదు, మీరూ వెళ్లి నిలబడాలి. ఒకే మాట అనండి. టీచరమ్మ "కానీ, కానీ" అనేవారు. ఐదు నిమిషాలు ఆగండి. పని కాగానే అక్కడికక్కడే ఉడికిన గుడ్డు ముక్కో రొట్టె ముక్కో పెట్టి మెచ్చుకోండి. ఇంట్లోకి వచ్చాక పెడితే, వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఫిజియాలజీలో మేం చదువుకున్న పావ్‌లోవ్ కుక్కలు నేర్పిన పాఠం ఇదే: రెండు సంగతులు వెంటవెంటనే జరిగితేనే మెదడు వాటిని ముడివేస్తుంది. మధ్యలో రెండు నిమిషాలు జారితే ముడి పడదు.

గంట క్రితం పోసినదానికి ఇప్పుడు మూతి రుద్దడం కూడా అందుకే దండగ. మీరు రాగానే తల దించుకుని మూల నక్కితే, తప్పు తెలిసిందని మురిసిపోకండి. అది మీ మొహం చూసి భయపడుతోంది. దెబ్బలు తిన్న కుక్క నేర్చుకునేది ఒకటే, మీ ఎదుట పోయకూడదని. అప్పుడిక బయట మీరు పక్కనున్నా పోయదు. ఇంటికొచ్చి సోఫా వెనక్కు పోతుంది. పోస్తుండగా మీ కంటపడితే చిన్నగా చప్పట్లు కొట్టి ఆపి, బయటికి తీసుకెళ్లండి, అంతే.

ఇంట్లో ఉన్నంతసేపు మీ కళ్ల ముందు ఉండాలి. మీరు కూరగాయలు తరుగుతుంటే మీ పీట పక్కన, పేపరు చదువుతుంటే కుర్చీకి గొలుసు. ఎవరూ చూడలేని వేళ, రాత్రిపూట దాని పక్క, నీళ్ల గిన్నె ఉన్న చిన్న గదిలో ఉంచండి. అన్నం వేళలు మార్చకండి. వేసవిలో మధ్యాహ్నం తప్పనిసరైతే నీడ పట్టున నడిపించండి. మన చేయి వెనకవైపు ఐదు సెకన్లు ఆనించలేని రోడ్డు దాని పాదాలనూ కాలుస్తుంది. గోడ మీది క్యాలెండరులో తడిపిన రోజు గుర్తు పెట్టండి. రెండు వారాలు గుర్తు లేకపోతే ఒక గది చొప్పున స్వేచ్ఛ ఇవ్వండి. టీచరమ్మగారి క్యాలెండరులో మొదటి వారం ఐదు గుర్తులు, రెండో వారం రెండు, నాలుగో వారం ఒక్కటీ లేదు. మూడో వారంలో పడిన ఒకే ఒక్కటి, ఇంట్లోవాళ్లంతా యాదగిరిగుట్టకు పోయి ఆలస్యంగా వచ్చిన రోజుది. దాన్ని కుక్క లెక్కలో వేయవద్దన్నాను.

ఇక మనుషుల వైద్యుడిగా చెప్పవలసినవి. కుక్క మూత్రం ద్వారా లెప్టోస్పైరా అనే క్రిమి మనకు రావచ్చు. కామెర్లు, మూత్రపిండాల దెబ్బ దాకా పోయే జ్వరం అది. పగిలిన మడమలతో, చేతి మీద గాయంతో ఆ తడి ముట్టుకోకండి. చేతి తొడుగు వేసుకుని తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కోండి. పాకే పిల్లలను ఆ చోటు పూర్తిగా ఆరేదాకా దింపకండి. ఏటా వేసే సంయుక్త టీకాలో దీనికీ రక్షణ ఉందా అని పశువైద్యుణ్ణి అడగండి. రెంటికి కూడా ఇంట్లోనే పోతుంటే నట్టల మందు వేయించండి. వాటి గుడ్లు పిల్లల నోటికి చేరతాయి.

టీకా లేని కుక్క, లేదా ఈ మధ్య వీధికుక్క కరిచిన కుక్క, మర్యాద తప్పడంతోపాటు చీకట్లో నక్కడం, గొంతు మారి అరవడం, దవడ వేలాడి చొంగ కారడం, ఎదురొచ్చినదాన్నల్లా కరవబోవడం చేస్తుంటే అది వేరే కథ. గొంతులో ఎముక అడ్డుపడిందేమోనని నోట్లో చేయి పెట్టవద్దు. గదిలో ఉంచి తలుపు వేసి పశువైద్యుణ్ణి పిలవండి. గోరు గీరినా, పన్ను తగిలినా ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపూ సున్నమూ పూయకుండా, అదే రోజు ఆస్పత్రికి రండి. చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. మొదటి రెండు వేయించుకుని, కుక్క బాగానే తిరుగుతోందిలే అని మానేసేవాళ్లున్నారు. వైద్యుడు చెప్పందే మానకండి. గాయం లోతైతే దానిలోనూ మందు వేయవలసి ఉంటుంది.

1885 జులై 6న పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లవాడికి తన రేబిస్ టీకా వేయించాడు. ఆ తేదీన ఏటా మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తున్నారు. వరసలో నిలబడినప్పుడు పక్క కుక్కలతో గొడవ పడకుండా గొలుసు పొట్టిగా పట్టుకోండి. పాత టీకా కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి.